సాధన సమితి, రెండు రాతిపలకలు

ఊరేగింపు కనబడగానే మొహం చిట్లించుకునే వాళ్లంటే నాకు జాలి. ఆరోగ్యం, ఆప్యాయత కట్టగట్టుకుని గుమ్మంలోకి వస్తే తలుపేసుకునే మనుషులు వాళ్లు!

నన్ను చూడండి. రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమన్నాడు డాక్టరు. ఒంటరిగా నడిస్తే వీధికుక్కలు తప్ప పలకరించే నాథుడు లేడు. అదే ర్యాలీ అయితే వెయ్యిమంది తోడు, తలకి టోపీ, చేతికి వాటర్ బాటిల్. "కావాలి, కావాలి" అని అరిచి అరిచి నా పాత దగ్గు ఎటుపోయిందో తెలియదు. ఏం కావాలో మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగితే నడక ఆగిపోదూ?

ట్రాఫిక్ జామంటారా? మా ఆఫీసు టైపిస్టు, పక్కాఫీసు గుమాస్తా చెరో స్కూటరు మీద మూడు గంటలు ఇరుక్కున్నారు. జామ్ విడిపోయేసరికి వాళ్లకి ముడిపడింది. పెళ్లిళ్ల పేరయ్యలు ఇంత పని చేయగలరా?

ఇక మా వీధి సంగతి. మా ఇంటికీ ఎదురుగా ఉన్న క్లినిక్కుకీ మధ్య మురుగుకాలువ ఒకటి ఉంది. దాని మీద వంతెన లేదు. మోకాళ్ల నొప్పుల మా అత్తగారు వారంవారం ఇంజక్షన్ కోసం ఆటోలో మెయిన్ రోడ్డంతా చుట్టి ఆ ఎదుటి గుమ్మానికి చేరాలి.

అందుకే ఎనిమిదేళ్ల కిందట 'కాలువ వంతెన సాధన సమితి' పుట్టింది. అధ్యక్షులు రిటైరైన డ్రాయింగు మాస్టారు. కార్యదర్శి మైక్‌సెట్లు అద్దెకిచ్చే పెద్దమనిషి. నెలకో ర్యాలీ. తరవాత సమితి చీలి 'అసలైన కాలువ వంతెన సాధన సమితి' కూడా వచ్చింది కనుక నెలకి రెండు. ఫ్లెక్సీల మీద మాస్టారు గీసిన వంతెన చూస్తే ఎక్కి నడవాలనిపిస్తుంది.

సాధన అంటే సాధించడమని ఇన్నాళ్లూ పొరబడ్డాను. పాట నేర్చుకునేవాళ్లు రోజూ చేసేదీ సాధనే కదా? సాధనలో ఉన్నవాళ్లని కచేరీ ఎప్పుడని అడగడం మర్యాద కాదు.

ఆ మాటకి ఇంకో అర్థం మా అత్తగారికి తెలుసు. ఒకరోజు వంతెన ర్యాలీలోనే ఆవిడ ఆటో ఇరుక్కుపోయింది. చేరేసరికి క్లినిక్కు మూసేశారు. వాచిన మోకాలు పట్టుకుని ఆ సాయంత్రం ఆవిడ ఏడ్చింది. మర్నాటి నుంచి తాపీమేస్త్రీ అయిన కొడుకుని సాధించడం మొదలుపెట్టింది. కూర్చుంటే సాధింపు, కంచం ముందు సాధింపు. మూడోరోజు పొద్దున్నే మా బావమరిది రెండు రాతిపలకలు తెచ్చి, పక్కపక్కన కాలువ మీద పరిచి, చేతులు కడుక్కున్నాడు. కాఫీ ఇంకా చల్లారలేదు.

మూడు వారాలు ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా క్లినిక్కుకి వెళ్లివచ్చింది. నాలుగోవారం రెండు సమితులూ మొట్టమొదటిసారి ఏకమై మా ఇంటి మీదికి ర్యాలీగా వచ్చాయి.

"మీరే వేసేసుకుంటే ఇంక మున్సిపాలిటీ వాళ్లెందుకు వేస్తారండీ?" అన్నారు మాస్టారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు. "ఎనిమిదేళ్ల పోరాటం నీరుగారిపోయింది."

"వంతెన వచ్చింది కదండీ" అన్నాను.

"వచ్చింది. మనం సాధించలేదు."

ఎంత లోతైన మాట! పలకలు ఎత్తి తీసుకుపోతుంటే ఒక కొస నేనే పట్టాను. మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. ఆ తరవాత నాతో మాట మానేసింది. కనుక ఇంట్లో ప్రశాంతత కూడా ఉద్యమ ఫలితమేనని గమనించాలి.

పలకలు వృథా పోలేదు. వీధి చివర ఒకదాని మీద ఒకటి పేర్చి సభలకి వేదిక చేశారు. నిన్న మాస్టారు దాని మీదెక్కి మైకు పట్టుకున్నారు. "వంతెన సాధించేదాకా ఈ వేదిక దిగేది లేదు" అన్నారు. నేను చప్పట్లు కొట్టాను.

వెనక ఆటోలోంచి మా అత్తగారి గొంతు వినబడింది. మళ్లీ ఇరుక్కుపోయినట్టుంది.

"కాస్త దిగండి మాస్టారూ. మీరు నిలబడ్డదే వంతెన."