ఆరోగ్యంగా ఉన్న తలకాయ

ఆ శుక్రవారం పొద్దున టేకులపల్లిలో కరెంటు పోలేదు. కాబట్టి లైన్‌మన్ ఇన్నయ్య తీరిగ్గా టీ తాగుతూ ప్రయాణం సంగతి ఆలోచించుకున్నాడు. ఆదివారం కొత్తగూడెంలో రైలెక్కాలి, సోమవారం హైదరాబాదులో తలకాయ మిషన్లో పెట్టాలి, మంగళవారానికి తిరిగి రావాలి. అంతే.

భార్య లిదియా చెల్లెలి కూతురు జెస్సికా అక్కడ పరిశోధన చేస్తోంది. మనిషి ఒక పని మీద ధ్యాస పెట్టినప్పుడు మెదడులో ఏం జరుగుతుంది, బహుమతి ఆశ చూపిస్తే ఆ ధ్యాస పెరుగుతుందా అన్నది మెదడును ఫోటోలు తీసి చూస్తుందట. ధ్యాస తప్పితే బతకలేని మనుషులు కావాలంది. ముప్పై ఏళ్ళుగా స్తంభాలెక్కుతూ ఒక్క షాకూ తినని పెద్దనాన్నకంటే ఎవరు దొరుకుతారు?

ఆ గర్వమే రెండేళ్ళ కిందట ఇన్నయ్య కొంప ముంచింది. ప్రాణ స్నేహితుడు, టైలర్ మహబూబ్ అలీ, క్రిస్మస్ చొక్కాకు జేబు కుడివైపు కుట్టాడు. షాపు నిండా జనం ఉండగానే ఇన్నయ్య నోరు జారాడు. "నీ ధ్యాస ఏడున్నది భాయ్? నీ లెక్క నేను స్తంభమెక్కితే గీ అంగీ నా శవానికే తొడగాలె!" ఆనాటి నుంచి మాటల్లేవు. ఇన్నయ్య రోజూ బజారుకు అవతలి పక్కన నడిచేవాడు. క్షమించమని అడగాలని రోజూ అనుకునేవాడు, నోరు రాక ఇంటికొచ్చేవాడు.

ఆ పొద్దున పాలకు వెళ్ళిన లిదియాకు పాస్టర్ షాలేమ్‌రాజు ఎదురయ్యాడు. "ఆదివారం సాయంత్రం కూడికకు మా ఆయన రాడు అయ్యగారూ, హైదరాబాద్‌ల తలకాయకు స్కానింగ్ ఉన్నది" అని చెప్పి, పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి పరుగెత్తింది. ఆ ఊళ్ళో అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న తలను మిషన్లో పెట్టినవాడు లేడు. మధ్యాహ్నానికి చర్చిలో ఉపవాస ప్రార్థన మొదలైంది.

సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. తండా నుంచి లాలి అడవి తేనె సీసాతో వచ్చి, ఇన్నయ్య తల నిమిరి ఏడ్చింది.

"నాకేం రోగం లేదు" అన్నాడు ఇన్నయ్య.

"గుండె ధైర్యం ఉన్నోడు గట్లనే అంటడు" అన్నాడు పాస్టర్.

"గది పరిశోధన అయ్యగారూ!"

"అవ్ అన్నా, రోగమేందో తెల్వకపోతే డాక్టర్లు పరిశోధనే చేస్తరు" అంది లాలి ముక్కు చీదుతూ.

ఆఫీసులో పెద్దసారు అడగకుండానే పదిహేను రోజులు సెలవిచ్చి, నిచ్చెన దాపెట్టించాడు.

శనివారం గుమ్మంలో మహబూబ్ అలీ నిలబడ్డాడు, చేతిలో పొట్లంతో.

"ఇన్నన్నా, ఆ మిషన్ల ఇనుము పనికిరాదు. జిప్పు లేదు, హుక్కు లేదు, అన్నీ నాడాలే. జేబు ఎడమకే కుట్టిన, సూస్కో. ఒక్కనివేం పోతవ్, నేనొస్త."

ఇన్నయ్య నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగేశాడు. రోగం లేదని తెలిస్తే ఈ మనిషి మళ్ళీ గుమ్మం దిగిపోతాడు. తనకు లేని జబ్బుకు ఆ క్షణాన అతను మనసులోనే దండం పెట్టుకున్నాడు.

సోమవారం హైదరాబాదులో పరీక్ష మొదలైంది. మిషన్లో ఎర్రచుక్క కనబడితే బటన్ నొక్కాలి, నీలిచుక్కకు నొక్కకూడదు. రెండో విడత నుంచి, బాగా నొక్కినవారికి గోడగడియారం బహుమతి. ఇన్నయ్య మనసు మాత్రం బయట బల్ల మీద తస్బీ పూసలు తిప్పుతూ ప్రార్థిస్తున్న అలీ దగ్గరుంది. చెబుదామా, వద్దా? నీలిచుక్కలన్నిటికీ నొక్కేశాడు.

"పెద్దనాన్నా, కొంచెం ధ్యాస పెట్టు!" అంది జెస్సికా మైకులో. తర్వాత రావలసినవాడు రాకపోతే, ఖాళీగా ఉన్న అలీనే మిషన్లో పడుకోబెట్టింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో కృతజ్ఞతా కూడిక. సాక్ష్యం చెప్పమంటే ఇన్నయ్య లేచాడు, ఇక దాచలేక.

"నాకు రోగమే లేదు!"

"ఆమేన్!" అన్నారు అందరూ.

"ఇంతకుముందు గూడ లేకుండె!"

"హల్లెలూయ!"

ఇన్నయ్య కూలబడ్డాడు. చర్చి బయట సైకిలుతో నిలబడ్డ అలీ దగ్గరికి వెళ్ళి, తల వంచుకుని అంతా చెప్పేశాడు.

"నాకు మొదట్నుంచే ఎర్కే" అన్నాడు అలీ. "ఇనుము పనికిరాదని నాకెవరు చెప్పిన్రనుకున్నవ్? పరిశోధనకు బట్టలు కుట్టమని జెస్సికా మా షాపుకే ఫోన్ చేసింది."

"మరి ఊరంతా ఏడుస్తుంటే చెప్పకపోతివేంది?"

"చెప్తే, మీ ఇంటికి రానీకి నాకింకో సాకు ఏడ దొరుకుతది? రెండేండ్ల సంది ఎతుకుతున్న."

ఇన్నయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పు నాదే భాయ్" అన్నాడు. రెండేళ్ళు రాని మాట అంత తేలిగ్గా వచ్చింది. పాస్టర్ ఉపవాసానికీ, లాలి తేనెకూ, దేవుడికీ అక్కడే నిలబడి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

నెల తర్వాత జెస్సికా ఉత్తరం వచ్చింది. పెద్దనాన్న ధ్యాస మొదటే అంతంతమాత్రం, బహుమతి అన్నాక అదీ పోయింది. అలీ చాచా ఒక్క చుక్క కూడా తప్పలేదు. గడియారం పార్సిల్ ఆయనకే వచ్చింది.

అలీ దాన్ని షాపులో కుట్టుమిషను ఎదురుగా తగిలించాడు. అది కుడివైపుకు బెత్తెడు వంగి ఉంటుంది. రోజూ దానికిందే కూర్చుని టీ తాగే ఇన్నయ్య ఆ సంగతి ఇంతవరకూ ఎత్తలేదు.