మూడో వంతెన దగ్గర మర్యాద

ఆ శనివారం ఉదయం ఒరిన్ లెవిట్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. బోస్టన్ నుంచి వచ్చిన నలుగురిని వ్యాన్‌లో ఎక్కించుకుని, పైకప్పున్న పాత చెక్క వంతెనలు ఐదూ చూపించి, దారిలో యాపిల్ తోట, గుండ్రటి పశువులశాల తిప్పి, రెండింటికల్లా తిరిగొచ్చేయడం. అతనికి డెబ్భై ఆరేళ్లు. వెనక సీట్లో ఊరి కమిటీ సభ్యురాలు హెస్టర్ పైక్ ఒళ్లో కాగితం పెట్టుకుని కూర్చుంది. ఆ కాగితం మీద ఒకటే ప్రశ్న: ఒరిన్‌కు బండి నడిపేంత చూపు ఇంకా ఉందా? ఆవిడ "లేదు" అని రాస్తే సోమవారం నుంచి అతను ఈ పర్యాటకుల వ్యాన్ వదిలేసి ఇంట్లో పిల్లితో కబుర్లు చెప్పుకోవాలి.

రెండు వంతెనలు సాఫీగా గడిచాయి. మూడోదాని అవతలి కొసన, ఇటే తిరిగి, ఎర్ర ట్రక్కు ఒకటి ఆగి ఉంది. వంతెన మీద ఒక్క బండికే చోటు. మా వెర్మాంట్ రాష్ట్రంలో తోసుకుని ముందు పోయినవాణ్ణి పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. ముందు నువ్వు రమ్మని ఒరిన్ చెయ్యి ఊపాడు. ట్రక్కులో మనిషీ చెయ్యి ఊపాడు.

"చూశావా హెస్టర్, ఎంత మర్యాదస్తుడో!"

"మనమేం తక్కువ తిన్నామా? కాస్త వెనక్కి జరుపు, అర్థం చేసుకుంటాడు," అంటూ ఆవిడ కూడా కిటికీలోంచి గట్టిగా చెయ్యి ఊపింది.

ఒరిన్ వెనక్కి జరిపాడు. అవతలాయన ఊపుతూనే ఉన్నాడు. పావుగంటలో వ్యాన్ వెనక తొమ్మిది కార్లు చేరాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. రెండో కారులో ఆయన, "ఒరిన్ వెనక్కి జరిపాడంటే వంతెనకేదో అయ్యుంటుంది," అన్నాడు. ఆ మాట ఐదో కారు చేరేసరికి "వంతెన ఊగిందట" అయింది. తొమ్మిదో కారు దగ్గర "సగం ఏట్లో పడిపోయిందట" అయింది.

ఆ కబురు విని రోడ్ల మేస్త్రీ క్లేటన్, దారి మూసే అడ్డుకర్రలు పట్టుకుని పరుగున వచ్చాడు. ఒకప్పుడు ఒరిన్ నడిపిన స్కూలు బస్సులో అల్లరి చేసినవాడే.

"ఏం కనిపించింది ఒరిన్ గారూ?"

"నాకేం కనిపించాలిరా? ఆ పెద్దమనిషిని పోనిద్దామని ఆగాను."

క్లేటన్ ట్రక్కు వైపు చూశాడు. హెస్టర్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"అది మా ఆవిడ పంట పండక్కి కూర్చోబెట్టిన గుమ్మడికాయ తల బొమ్మండీ, మనిషి కాదు. గాలికి చెయ్యి ఊగుతోంది."

హెస్టర్ కలం తీసి "లే" దాకా రాసింది.

"మీరు కూడా ఊపారా ఏంటండీ?" అన్నాడు క్లేటన్.

కలం ఆగింది. క్లేటన్ నవ్వు ఆపుకోలేక, వచ్చాను కదా అని వంతెన కిందకు దిగాడు. పైకొచ్చేటప్పుడు నవ్వు లేదు.

"నడిమి దూలం నిలువునా చీలింది! వ్యాన్ వంతెన మీదికి ఎక్కి ఉంటే అందరూ ఏట్లోనే!"

తొమ్మిది కార్లవాళ్లూ చప్పట్లు కొట్టారు. బోస్టన్ నుంచి వచ్చినవాళ్లలో ఒకావిడ ఒరిన్‌ను కావలించుకుంది. హెస్టర్ "లే" కొట్టేసి, "చూపు అమోఘం" అని రాసి సంతకం పెట్టింది.

వ్యాన్ వెనక్కి తిప్పుతూ ఒరిన్ ట్రక్కు వైపు చివరిసారి చెయ్యి ఊపాడు. గాలి ఆగిపోయింది. జవాబు రాలేదు.

"ఎంత పొగరో చూశావా!" అన్నాడు నొచ్చుకుని.

హెస్టర్ ఈసారి రెండు చేతులూ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.