ఇరవైనాలుగు బస్తాల శౌరయ్య

జనవరి నెలలో ఆ గురువారం పొద్దున శౌరయ్యకు రెండే పనులు. పంట దిగుబడి ఫారం బంట్రోతు లాజరు చేతికిచ్చి బందరు పంపడం ఒకటి. తొమ్మిది గంటల బస్సుకు బెజవాడ వెళ్లి లాటరీ టికెట్టు కొనడం రెండోది. మొదటిది ఉద్యోగం నిలబెట్టుకోవడానికి, రెండోది ఉద్యోగం అక్కర్లేకుండా చేసుకోవడానికి.

శౌరయ్య పామర్రు సమితి ఆఫీసులో స్టాటిస్టిక్స్ గుమాస్తా. వానాకాలం పంట సార్వా కోతలప్పుడూ, వేసవి పంట దాళ్వా కోతలప్పుడూ పది ఊళ్లు తిరగాలి. ఊరికో మడిలో తాడుతో ఇంత ముక్క కొలిచి, కోయించి, నూర్పించి, కాటా వేసి, ఎకరానికి ఎన్ని బస్తాలో జిల్లా ఆఫీసుకు రాయాలి. మొదటి రెండేళ్లూ అలాగే చేశాడు. పది ఊళ్లకూ ఒకటే కాలవ, ఒకటే విత్తనం, ఒకే కొట్టులో కొన్న ఎరువు. ఎక్కడ తూచినా ఇరవైనాలుగు, మహా అయితే ఇరవైఅయిదు. మూడో ఏటి నుంచి గట్టు మీద నిలబడి చూసి రాయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత గట్టు దాకా కూడా వెళ్లలేదు.

బందరులో జిల్లా అధికారి వెంకటకృష్ణారావుగారికి ఇది నచ్చలేదు. పది ఊళ్లూ అచ్చు గుద్దినట్టు పండటం నమ్మశక్యంగా లేదనీ, ఇంకొక్కసారి కుర్చీలో కూర్చుని రాస్తే పాడేరు బదిలీ అనీ మెమో పంపాడు. పాడేరు విశాఖ ఏజెన్సీలో ఉంది. చలీ, మలేరియా ఉన్నాయి. శౌరయ్య భార్య అమలమ్మ పామర్రు చర్చి బడిలో టీచరు, ఆవిడకు బదిలీ ఉండదు. ఆయన అక్కడా, ఆవిడ ఇక్కడా అయిపోతారు. శౌరయ్యకు పొయ్యి వెలిగించడం కూడా రాదు.

"ఈసారన్నా కోశారా?" అంది అమలమ్మ ఇడ్లీలు పెడుతూ.

"కొయ్యక్కర్లా. ఇరవైనాలుగే."

"మెమో వచ్చింది కదండీ."

"మెమో వచ్చిందని పంట పెరుగుద్దా? మే నెల దాకా ఓపిక పట్టు. బంపరు డ్రా కానీ, ఆయనకి నేనే మెమో రాస్తా."

శౌరయ్యకు లాటరీ మీద ఆశ లేదు, నమ్మకం ఉంది. మంగలి షాపులో పాత పేపర్లన్నీ తిరగేసి నలభై డ్రాల మొదటి బహుమతి నంబర్లు రాసుకున్నాడు. ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టాడు. అన్నిటికన్నా ఎక్కువ ఏడు, ముప్పైఆరుసార్లు. అన్నిటికన్నా తక్కువ మూడు, పదమూడుసార్లు. మిగతావి ఇరవై చుట్టూ, పాతిక చుట్టూ ఉన్నాయి.

"ఏడు ఎక్కువొచ్చింది, అంటే దానికి అలవాటైంది, మళ్లీ వస్తది. మూడు తక్కువొచ్చింది, అంటే బాకీ ఉంది, రాక తప్పదు. చివర డెబ్బైమూడు. రాసిపెట్టుకో."

"ఎక్కువొచ్చిందీ వస్తుంది, తక్కువొచ్చిందీ వస్తుందా?"

"అదే శాస్త్రం."

"మరి మధ్యలోవాటి సంగతేంటి?"

"మధ్యలోవాటిని ఎవరూ పట్టించుకోరు."

ఈ లెక్కంతా ఆయన ఆఫీసు ఫారం మీదే వేశాడు. పంట ఫారానికి పది వరసలుంటాయి, అంకెలూ పదే. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా వేసి, సున్నాకి పదో వరస ఇచ్చాడు. ఫారంలో ఊళ్ల పేర్లుండవు, నంబర్లే. పేర్ల జాబితా బందరులో ఉంటుంది. పని అయ్యాక అడుగున సంతకం కూడా చేశాడు. అడుగున చుక్కల గీత కనిపిస్తే ఆయన చెయ్యి ఆగదు.

"కాయితం ఇస్తారాండి, బస్సు టైమయింది," అంటూ లాజరు వచ్చాడు. పది వరసలూ సంతకమూ ఉన్న కాగితాన్ని శౌరయ్య కవర్లో పెట్టి అంటించి ఇచ్చాడు. పది వరసలూ సంతకమూ ఉన్న రెండో కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బెజవాడ బస్టాండు దగ్గర టికెట్లమ్మే ఆసామి సైకిలు హ్యాండిలుకు టికెట్లు తోరణంలా కట్టుకుని నిలబడ్డాడు.

"చివర డెబ్బైమూడుది తియ్యి," అన్నాడు శౌరయ్య.

"అంత గట్టిగా అడుగుతున్నారు, కల్లో వచ్చిందాండి?"

"కలలూ గిలలూ కాదు, లెక్క. చూడు," అని కాగితం తీసి అతని ముందు పరిచాడు.

ఆసామి కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. "ఇందులో ఏడేదండి, మూడేదండి? ఇరవైనాలుగు, ఇరవైనాలుగు, ఇరవైఅయిదు, మళ్లీ ఇరవైనాలుగు. మీ లెక్క ప్రకారం ఇదిగో, చివర ఇరవైనాలుగుది ఒకటుంది. ఇమ్మంటారా?"

శౌరయ్య కాగితం వైపు చూశాడు. అది వరి.

"వద్దు," అని కాగితం లాక్కుని బందరు బస్సు కోసం పరిగెత్తాడు. ఉయ్యూరు వచ్చింది, పామర్రు వచ్చింది, సొంత వీధి మొదలు కూడా కిటికీలోంచి కనిపించింది. బస్సు బందరు చేరేసరికి మూడు దాటింది. లాజరు కవరు అప్పజెప్పి, టీ తాగి, తిరుగు బస్సులో ఎదురుపడకుండానే వెళ్లిపోయాడు.

"రావయ్యా, నీ గురించే అనుకుంటున్నా. కూర్చో," అన్నాడు వెంకటకృష్ణారావుగారు. అయిదేళ్లలో ఆ గదిలో శౌరయ్యకు కుర్చీ చూపించడం అదే మొదలు. ఆయన కూర్చోలేదు.

"సార్, ఆ కాయితం పొరపాటున..."

"సంతకం నీది కాదా?"

"నాదేనండి."

"వేరేవాళ్లు రాశారా?"

"నేనే రాశానండి."

"మరి పొరపాటేంటి? ఇన్నాళ్లూ పంపావే, అవీ పొరపాట్లు. ఒక ఊరు పదమూడు, ఒక ఊరు ముప్పైఆరు. మళ్లో దిగినవాడి కాయితం ఇట్లా ఉంటది. చూడగానే తెలిసిపోద్ది."

"కాదండి, అది లాటరీ..."

"వ్యవసాయమే లాటరీ అయ్యా. నీకు ఇన్నాళ్లకి తెలిసింది. రేపొద్దున జీపు తెస్తా, మూడో నంబరు ఊరూ, ఏడో నంబరు ఊరూ చూద్దాం."

శౌరయ్య ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. రైతులు నోరు విప్పితే తన పని పాడేరేనని ఆయనకు తెలుసు.

మూడో నంబరు ఊళ్లో జీపు రైతు వెంకటప్పయ్య ఇంటి ముందు ఆగింది. "ఎకరానికి పదమూడేనంటగా?" అన్నాడు అధికారి.

వెంకటప్పయ్య జీపును చూశాడు, అధికారి చేతిలో కాగితాన్ని చూశాడు. ఊళ్లో పంట పోయిందని కాగితం మీద పడితే శిస్తు మాఫీ వస్తుంది.

"పదమూడు కూడా శౌరయ్యగారు పెద్ద మనసుతో రాశారండి. నాకు పదకొండే," అన్నాడు. వెనక వసారాలో ధాన్యం బస్తాలు దూలాన్ని తాకుతున్నాయి. మాట్లాడినంతసేపూ వాటికి వీపు ఆనించి నిలబడ్డాడు.

ఏడో నంబరు ఊళ్లో హనుమయ్య తాపీగా లేచాడు. జిల్లాలో ఇంత దిగుబడి ఇంకెక్కడా లేదనీ, ఉత్తమ రైతుగా శాలువా కప్పుతామనీ అధికారి చెప్పాడు.

"ముప్పైఆరా?" అని హనుమయ్య పక్కకి చూశాడు. అరుగు మీద ఆయన బావమరిది వింటున్నాడు. "అది మీ కాటాలో. మా కాటాలో ముప్పైఎనిమిది తూగిందండి."

బావమరిది లేచి లోపలికి పోయాడు.

తిరిగి వస్తూ అధికారి శౌరయ్య భుజం తట్టాడు. "పాడేరు ఫైలు మూసేస్తున్నా. దాళ్వా కూడా ఇట్లాగే కోసి పంపు."

ఇంటికొచ్చి జరిగింది చెబితే అమలమ్మ శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత అంది, "మరియతల్లి ఒకసారి గట్టెక్కించింది. రెండోసారి ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకండి. ఈసారి నిజంగా కోయండి."

"కోస్తా. నిజంగా కోసింది ఎవడు కాదంటాడు?" అన్నాడు శౌరయ్య. ఆ వారమే మళ్లీ బెజవాడ వెళ్లి డెబ్బైమూడుతో టికెట్టు తెచ్చుకుని బైబిల్లో పెట్టాడు.

ఏప్రిల్ ఎండలో పది ఊళ్లు తిరిగాడు. తాడు ఆ కొస లాజరు, ఈ కొస తను. ఎక్కడా మడి గట్టు మీద నిలబడి రాయలేదు. దగ్గరుండి కోయించాడు, నూర్పించాడు, ప్రతి గింజా ఊడిపించాడు. ముంజేతులు గీరుకుపోయాయి, మెడ నల్లబడింది. మూడో నంబరు ఊళ్లో తూచాడు. ఇరవైనాలుగు. ఏడో నంబరు ఊళ్లో హనుమయ్య శాలువా దండెం మీద ఆరుతుండగా తూచాడు. ఇరవైఅయిదు.

"మీ కాటా చెడిపోయిందండి," అన్నాడు హనుమయ్య. "పోయిన పంటకి ముప్పైఆరు చూపించింది ఇదే కదా."

శౌరయ్య కాటా సరిచేసి మళ్లీ తూచాడు. ఇరవైఅయిదే. పది ఊళ్లవీ రాసి, సంతకం పెట్టి, కవరు అంటించే ముందు అమలమ్మకు చూపించి మరీ పంపాడు.

మే నెల రెండో వారంలో జవాబు వచ్చింది. పదమూడు పండిన ఊరు ఇరవైనాలుగుకు ఎగబాకి, ముప్పైఆరు పండిన ఊరు ఇరవైఅయిదుకు దిగజారడం, జిల్లా అధికారి స్వయంగా విచారించి చూసిన పరిస్థితికి విరుద్ధంగా ఉందట. గుమాస్తా మళ్లీ కుర్చీలో కూర్చుని రాసినట్టు స్పష్టమవుతోందట. వెంటనే పాడేరులో చేరాలట.

బయల్దేరే రోజు పొద్దున అమలమ్మ ట్రంకుపెట్టెలో ఒక పళ్లెం, ఒక గ్లాసు, ఒక కిరసనాయిలు స్టవ్వు సర్దింది. గ్లాసుకు చుట్టడానికి ఆ రోజు పేపరు తీసి, ఒక పేజీ దగ్గర ఆగింది.

"బంపరు డ్రా వచ్చిందండీ."

"చివర డెబ్బైమూడేగా?" అన్నాడు శౌరయ్య, చెప్పులు తొడుక్కుంటూ.

"ఇరవైనాలుగు. బెజవాడ బస్టాండు దగ్గర అమ్మిన టికెట్టంట."

శౌరయ్య ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు.

"ఆ అంకె నేను జనవరిలోనే రాసి సంతకం పెట్టా," అన్నాడు.