పిండి డబ్బాలో ఫోన్లు

ఆదివారం పొద్దున్న ఏడింటికి జోల్చు ఇంట్లో ఉన్న రెండు ఫోన్లనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పిండి డబ్బాలో మోచేతి లోతున పూడ్చిపెట్టాడు. ఒకటి కూతురు బెగాయిమ్‌ది, రెండోది తనది.

"నీ ఫోనెందుకు నాన్నా? పరీక్ష నాకు కదా."

"మీ లెక్కల టీచరమ్మ చెప్పింది. పిల్లకొక రూలు, తండ్రికొక రూలు పెడితే చదువు అంటదట."

జోల్చు బడిలో బాయిలర్‌కు బొగ్గు వేసే పని చేస్తాడు. చేతులు కాచుకోవడానికి వచ్చే టీచరమ్మ దగ్గర వారం రోజులుగా సలహాలు పోగేశాడు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు కూర్చోవాలి. ఇరవై ఐదు నిమిషాలు చదివి ఐదు నిమిషాలు ఆగాలి. పక్కన ఎవరో ఒకరు ఉండాలి గాని నోరు మెదపకూడదు. ఈ చివరిదే జోల్చుకు గండం.

పరీక్ష మే నెలలో. రాజధాని బిష్కేక్ వైద్య కళాశాలలో ఉచిత సీటు వస్తే, ఆ ఫీజు కోసమే మాస్కోలో ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు తోముతున్న అతని భార్య గుల్‌బరా ఇంటికి వచ్చేస్తుంది. రాకపోతే ఇంకో ఆరేళ్లు అక్కడే. ఇప్పటికే మూడేళ్లయింది. ఈ మూడేళ్లూ బెగాయిమ్ పుస్తకం తెరిచినప్పుడల్లా కళ్లు బల్లకు అవతలున్న ఖాళీ పీట మీదికే పోయేవి. అమ్మ అక్కడ కూర్చుని ఉన్ని వడుకుతూ ఉండేది. ఏమీ చెప్పేది కాదు, ఊరికే ఉండేది.

ఆ పీట మీద ఇప్పుడు జోల్చు బంగాళాదుంపల బుట్టతో కూర్చున్నాడు. పిల్ల పెన్ను కొరికింది. జడ విప్పి మళ్లీ అల్లుకుంది. కిటికీలోంచి పొరుగింటి ఆవును పలకరించింది. జోల్చు నోటిదాకా వచ్చిన మాటను మింగి ఇంకో దుంప తీశాడు. పదో నిమిషంలో పెన్ను కదిలింది. బల్ల మీది గడియారం మోగేసరికి నాలుగు లెక్కలు అయ్యాయి, వాటిలో మూడు ఒప్పులు. బుట్టలో చెక్కు తీయని దుంప ఒక్కటీ లేదు.

జోల్చు కళ్లు చెమర్చాయి. అది పిల్ల కంట పడకుండా బూడిద పారబోసే వంకతో పెరట్లోకి వెళ్లాడు. గోడకు అవతల పొరుగింటి సైరాకన్ నిలబడి ఉంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు, జోల్చుకూ తెలుసు. కానీ సంతోషం చెప్పుకోవడానికి ఆ పూట ఇంకెవరూ లేరు.

"ఏం తమ్ముడూ, మొహం అలా వెలిగిపోతోంది?"

"మా పిల్ల చదువులో పడిందక్కా."

అన్నది అంతే. కానీ ఆ ఊళ్లో మంచి కబురు ముందుగా మోసుకొచ్చినవాళ్లు "సుయున్చు" అని చేయి చాపితే, విన్నవాళ్లు అందులో ఏదో ఒకటి పెట్టి తీరాలి. సైరాకన్ వెంటనే వీధి చివరనున్న జోల్చు అత్తగారింటికి బయల్దేరింది. దారిలో ఆలోచించుకుంటే, పిల్ల చదువుతోందన్న కబురుకు ఉప్పుకల్లు కూడా రాలదనిపించింది. అందుకని ఆమె గడప చేరేసరికి బెగాయిమ్ బడిలో మొదటి స్థానానికి వచ్చేసింది. అత్తగారు పెట్టె తెరిచి పట్టు రుమాలు ఇచ్చింది. ఆ రుమాలు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి గనక, ఆవిడ కర్ర పట్టుకుని జోల్చు అన్న ఒరోజాలి దగ్గరికి నడిచింది. ఒరోజాలి పిసినారి, చిన్న కబురుకు చేయి విదల్చడు. అక్కడ పిల్లకు ఏకంగా వైద్య కళాశాలలో ఉచిత సీటు వచ్చింది. మార్చి నెలలో, పరీక్ష రాయకుండానే.

మధ్యాహ్నపు విడత సగంలో ఉండగా పెరట్లో పొట్టేలు అరిచింది. జోల్చు బయటికి వస్తే అన్న వచ్చి కావలించుకున్నాడు.

"మన వంశంలో మొదటి డాక్టరురా. నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో."

"అన్నా, ఇంకా పరీక్షే జరగలేదు."

"దిష్టి తగులుతుందని దాస్తున్నావు. మీ అత్త అంతా చెప్పింది."

"ఏం చెప్పింది? పిల్ల నాలుగు లెక్కలు చేసింది. అందులో ఒకటి తప్పు."

"చూశారా, ఎంత అణకువో" అని ఒరోజాలి వెనకున్న జనంతో అన్నాడు. అప్పటికే పెద్దలు చేతులెత్తి, అతను విందుకు తోలుకొచ్చిన పొట్టేలు మీద దీవెన చదివేశారు. దీవెన చదివిన పొట్టేలును వెనక్కి తోలుకుపోవడం అక్కడ ఎవరూ ఎరగరు.

ఆడవాళ్లు బోర్సోక్‌లు అనే పిండివంట వేయించడానికి వంటింట్లో చొరబడ్డారు. పొయ్యి మీద నూనె పెట్టి, పిండి డబ్బాలో చేయి పెట్టిన సైరాకన్ రెండడుగులు వెనక్కి వేసింది.

"తమ్ముడూ, మీ పిండి వణుకుతోంది."

జోల్చు ఫోన్లు తవ్వి తీశాడు. గుల్‌బరా నుంచి పదిహేడు పిలుపులు. పొట్టేలు ఖర్చులో కొంతైనా రాబట్టుకుందామని ఒరోజాలి మాస్కోకు కూడా ఫోన్ చేసి సుయున్చు అడిగాడట. చివర్లో ఒక సందేశం ఉంది: పని మానేశాను, బస్సెక్కాను, గురువారానికి ఇంట్లో ఉంటాను. తిరిగి చేస్తే ఆమె ఫోన్ ఆగిపోయి ఉంది.

మూడేళ్లుగా ఏ మాట కోసం కాచుకున్నాడో ఆ మాటే చేతిలో ఉంది. రాత్రీ పగలూ తలుచుకున్న మనిషి వస్తుంటే, రాకుంటే బాగుండునని అనుకోవలసి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

జనం తిని, దీవించి, వెళ్లిపోయాక బెగాయిమ్ అడిగింది. "నిజం తెలిస్తే అమ్మ మళ్లీ వెళ్లిపోతుంది కదూ?"

జోల్చు పీట లాక్కుని కూర్చున్నాడు. "పుస్తకం తియ్యమ్మా."

నాలుగు రోజులూ అలాగే కూర్చున్నారు. నోరు మెదపకూడదన్న నియమం ఇప్పుడు ఇద్దరికీ తేలికైంది.

గురువారం పొద్దున్న గుల్‌బరా వ్యాన్ దిగింది. చిక్కిపోయింది. చేతులు సబ్బు నీళ్లకు పగిలి ఉన్నాయి. ఆ చేతులు చూడగానే జోల్చు కట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి.

"గుల్‌బరా, ఆ సీటు సంగతి..."

"తెలుసు. మీరిద్దరూ ఎత్తకపోతే టీచరమ్మకు చేశాను. పరీక్ష మేలోనంది."

"ఎప్పుడు చేశావు?"

"బస్సెక్కే ముందు."

"మరి టికెట్ వెనక్కి ఇచ్చేయకపోయావా?"

గుల్‌బరా వంగి బూట్ల తాళ్లు విప్పుకుంది. "మూడేళ్లలో ఇంటికి రావడానికి ఒక్క సాకు దొరకలేదు. ఇన్నాళ్లకు ఒకటి దొరికితే, అబద్ధమని వదులుకుంటానా? మే దాకా ఉంటాను. ఆ పైన అంతా దీని చేతిలో ఉంది."

గోడన వేలాడుతున్న ఉన్ని తీసుకుని తన పీట మీద కూర్చుంది. జోల్చు పక్కకు జరిగి నేల మీద చతికిలబడ్డాడు. బెగాయిమ్ తల్లి వంక ఒకసారి చూసింది. పెన్ను మొదటి నిమిషంలోనే కదిలింది.

బయట సైరాకన్ గుల్‌బరా వచ్చిందంటూ ఇంటింటికీ పరుగెత్తుతోంది. ఆమె జన్మలో ఉన్నదున్నట్టుగా మోసిన కబురు అదొక్కటే, వ్యాన్ దిగడం అందరూ చూసేశారు గనక దానికి మాత్రం ఊళ్లో ఎవరూ నూలుపోగు కూడా ఇవ్వలేదు.