గుట్టకు పదవీ విరమణ

భూమ్మీద ఉన్న ప్రతిదానికీ ఒక పుట్టిన తేదీ ఉండి తీరాలన్నది కంప్యూటర్ యుగపు మొదటి ధర్మం. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో ఆ ధర్మాన్ని చేవెళ్ల దాకా మోసుకొచ్చిన ఘనత శిలా వయోధ్రువీకరణ కార్యాలయానిది. (అంతకుముందు రాళ్లు వయసు చెప్పకుండానే బతికేశాయి. ఎంత విచ్చలవిడితనం!)

పరిశోధకురాలు మమతకు కావలసింది తన ఊరు ముడిమ్యాల ఎర్రగుట్ట నుంచి పిడికెడు రాయి. ఒకప్పుడు అది నల్లరాయే. వానకు నాని, ఎండకు కాగి ఎర్రగా చివికింది. ఎప్పుడు చివికిందో తేలితే ఆ కాలంలో వానలెలా కురిశాయో తెలుస్తుంది. ఈలోగా గుట్టను చదును చేసి ప్లాట్లు వేస్తారన్న మాట వినపడుతోంది. ఆమెకు కాలు నిలవడం లేదు. అనుమతి లేకుండా తెచ్చిన రాయి పరిశోధనకు చెల్లదు.

"రాయి కావాల్నంటే దాని వయసు సర్టిఫికెట్ పెట్టాలమ్మ," అన్నాడు సూపరింటెండెంట్ గోవర్ధన్.

"వయసు తెలుసుకునేటందుకే రాయి కావాలె సార్."

"గదే అంటున్న. ముందుగాల వయసు, తర్వాత రాయి."

గోవర్ధన్ చెడ్డవాడు కాడు (చెడ్డవాడైతే పని ఇంకా తొందరగా అయ్యేది). మమత మొహం చూసి జాలిపడ్డాడు. "ఫికర్ చెయ్యకు. మనకు బడిల సారు ఎట్ల రాసిండు? జూన్ ఒకటి! గుట్టకు గూడ గదే రాస్త."

పుట్టినరోజు తెలియని పిల్లలందరికీ బడి పంతులు రాసే తేదీ అది. ఆ కార్యాలయంలో బంట్రోతు మొదలు గోవర్ధన్ దాకా అందరూ ఆ రోజు పుట్టినవారే. సంవత్సరం కూడా వేయనిదే కదలనని కంప్యూటర్ మొరాయించింది. ఆయన తన అన్న పుట్టిన సంవత్సరం వేశాడు.

"సార్, అది కోట్ల ఏండ్లది!"

"ఆడపిల్లవు, ఒకల వయసు గంతగనం పెంచొచ్చునా?"

తేదీ ఎక్కగానే కంప్యూటర్ తన పని తాను చేసింది. గుట్ట సర్కారు భూమిలో ఉంది, కాబట్టి సర్కారు కొలువులో ఉన్నట్టే. యాభై ఎనిమిది నిండాయి, కాబట్టి పదవీ విరమణ.

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. మొయినాబాద్ నుంచి బ్యాండు దిగింది. శాలువా చాలక షామియానా కప్పారు. గోడగడియారం బహూకరించారు. "ఒక్కనాడు సెలవు పెట్టలే, ఒక్కనాడు లేటుగ రాలే," అంటూ గోవర్ధన్ కళ్లు తుడుచుకున్నాడు. వయసు తేలింది కదా అని మమత సుత్తి పట్టుకొని ముందుకు దూకితే, సన్మానం నడుస్తుండగా కొట్టడం మర్యాద కాదని కూర్చోబెట్టి లడ్డూ ఇచ్చారు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

విరమణ పొందినవారు సర్కారు స్థలం ఖాళీ చేయాలి. గుట్ట తనంతట తాను కదలకపోవడంతో, సన్మానం ముగిసీ ముగియకముందే బుల్డోజర్లు చెయ్యిపట్టి నడిపించాయి. ఎర్రరాయి పొడిపొడై, నాలుగు ఊళ్ల మొరంలో కలిసి రోడ్ల కిందికి వెళ్లిపోయింది.

ఆ వారమే కార్యాలయం వాతావరణ నివేదిక వెలువరించింది: గుట్ట పుట్టకముందు ముడిమ్యాలలో వాన పడిన దాఖలా లేదు.

మమత, కాగితం ప్రకారం గుట్టకన్నా పెద్దదైన తన అవ్వ బాలనర్సమ్మను వెంటబెట్టుకొని వెళ్లింది. "నేను పుట్టిన్నాడు గోడలు కూలేటంత వాన పడ్డదంట సారూ," అంది అవ్వ.

"రుజువున్నదా అవ్వా?"

"రుజువులన్నీ ఆ గుట్టలనే ఉండె," అంది మమత.

గోవర్ధన్ మనసు కరిగింది. "అట్లనా? అయితే గుట్టనే తీస్కరా అమ్మ. రెండు జిరాక్సులు గూడ."