ముందు బెంచీ ఆమెన్

బోధ మెత్తబడితే సంఘం మెత్తబడిపోతుంది కాబట్టి, ఇకమీదట కుండబద్దలు కొట్టినట్టు చెప్పే బోధకుడే కావాలని సంఘపెద్ద తీర్మానించాడు. తీర్మానించడమేమిటి, పాత బోధకుణ్ణి తెగ పొగిడి సాగనంపాడు కూడా. పాపం, ఆ పెద్దమనిషికి ప్రేమ గురించి తప్ప మాట్లాడటం చేతకాదు.

సంఘపెద్దది తాళాల దుకాణం. ఊరందరికీ ఆయన తాళాలాయనే. ముందు బెంచీలో కూర్చుని ఆయన "ఆమెన్" అంటే కిటికీ అద్దాలు గలగలలాడేవి. బోధ వినేటప్పుడు గుండె తలుపులు బార్లా తెరుచుకోవాలనేవాడు. ఆయనవి ఎప్పుడూ తెరిచే ఉండేవి. కాకపోతే దేవుడి వాక్యం ముందు తలుపులోంచి వచ్చి, వెనక తలుపులోంచి ఎవరికి చెందాలో వాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది.

కొత్త బోధకుడు వస్తూనే చాడీల మీద విరుచుకుపడ్డాడు. తాళాలాయన దర్జీ ఆవిడ వంక తిరిగి మరీ "ఆమెన్" అన్నాడు. బయటికొచ్చాక బోధకుడి చెయ్యి ఊపేశాడు.

"వాయించేశారు అయ్యగారూ. వీళ్లకి ఇలాగే పడాలి."

"మరి మీకేమైనా తగిలిందాండీ?"

"తగలకపోవడమేమిటండీ, వాళ్ల తరఫున నేనెంత బాధపడ్డానో!"

తర్వాతి ఆదివారం బోధకుడు బల్ల చరిచాడు. "తోడబుట్టినవాడితో మాట మానేసి, దేవుడితో మాట్లాడటానికొచ్చారా?"

అలవాటు కొద్దీ తాళాలాయన నోట "ఆ" వచ్చేసింది. "మెన్" రాలేదు. వచ్చినదాన్ని దగ్గులోకి తిప్పేశాడు.

వెనక బెంచీలో ఆయన తమ్ముడున్నాడు మరి. అమ్మ సమాధి దగ్గర చివరి ప్రార్థన, సంఘపెద్దయిన అన్నయ్య పక్కనే ఉండగా, ఈ తమ్ముడు చేశాడు. అమ్మే అలా కోరిందట. ఆ రోజే పక్కపక్కనే ఉన్న అన్నదమ్ముల రెండిళ్లకీ మధ్యనున్న తలుపుకి అన్నయ్య తాళం పడింది. దుకాణంలో అంతకన్నా గట్టిది లేదు.

దగ్గు ఆగేసరికి వెనకనుంచి సన్నగా "ఆమెన్" వినిపించింది. తమ్ముడే. లేచి, అందరూ చూస్తుండగా ముందు బెంచీ దాకా వచ్చి అన్న చేతులు పట్టుకున్నాడు.

"ఆ మాట నాకే అన్నయ్యా. నేనైనా వచ్చి పలకరించాల్సింది. అమ్మ పోయాక నువ్వూ లేకపోతే నాకెవరున్నారు?"

దర్జీ ఆవిడ కళ్లొత్తుకుంది. తాళాలాయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. నిజం నీళ్లే. తమ్ముడి తల నిమిరి, సంఘం వైపు తిరిగాడు.

"చూశారా, వాక్యం వీడికి ఎంత బాగా తగిలిందో! ఇందుకే తెప్పించాం అయ్యగారిని."

మధ్యాహ్నం భోజనాల వేళ మధ్య తలుపు చప్పుడైంది. "అన్నయ్యా, తియ్యవా?"

భార్య పరుగున తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. "తియ్యండి, మీ తమ్ముడే."

ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. "వీధి గుమ్మంలోంచి చుట్టూ తిరిగి రమ్మను. మారుమనసు పొందింది వాడు. నేను కాదుగా."

"ఆమెన్," అంది భార్య.