మూడో నట్టు సీజ్ అయింది

"విప్పడం గురించి నేనేమీ అనట్లేదు," అంది భార్య, స్టవ్ మీంచి పాలు దించుతూ. "మళ్ళీ బిగించడం గురించి అడుగుతున్నాను."

ఆ మాట ఆమె అప్పటికి మూడోసారి అంటోంది. మొదటిసారి మంచం దిగకముందు, రెండోసారి పళ్ళు తోముకుంటూ అంది. మూడుసార్లూ భర్త ఒకే జవాబు చెప్పాడు.

"వీడియో మొత్తం పద్దెనిమిది నిమిషాలు. నేను నిదానం మనిషిని కాబట్టి రెండు గంటలు వేసుకో."

గొడవంతా కారు ఈల గురించి. నెల రోజులుగా ఎత్తు ఎక్కేటప్పుడల్లా ఇంజిన్‌లోంచి సన్నగా ఈల వస్తోంది. అది టర్బో అని భర్త తేల్చేశాడు. టర్బో అంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకి విడివిడిగా కూర్చోబెట్టి చెప్పాడు. ఇంజిన్ వదిలే పొగతోనే తిరుగుతూ, ఇంజిన్‌కే ఇంకాస్త గాలి ఎక్కించే చిన్న చక్రం అది. దాన్ని బయటికి తీయాలంటే, సిలిండర్ల పొగనంతా ఒకచోటికి చేర్చే ఇనుప గొట్టాల గుత్తిని, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని కూడా దాంతోపాటే ఊడదీయాలి. ఉద్యోగరీత్యా అతను డ్రాఫ్ట్స్‌మన్. భవనాల ప్లాన్లు గీస్తాడు. బొమ్మ చూసి అర్థం చేసుకోగలిగినవాడు దేన్నైనా విప్పగలడని అతని నమ్మకం.

"సోమవారం పదింటికి నాకు డ్రైవింగ్ పరీక్ష ఉంది. ఈల వేస్తే వెయ్యనివ్వండి."

"ఆఫీసరు పక్కన కూర్చున్నప్పుడు కారు ఈల వేస్తే ఆయన ఏమనుకుంటాడు?"

"నేను వేశాననుకోడు కదా."

ఆమె ఫిజియోథెరపిస్టు. పన్నెండేళ్ళుగా ఒక క్లినిక్‌లో, కిటికీ లేని గదిలో, పట్టేసిన భుజాలూ మోకాళ్ళూ కదిలిస్తోంది. రోగుల ఇళ్ళకే వెళ్ళి వైద్యం చేసే ఉద్యోగం ఒకటి ఆ క్లినిక్‌లోనే ఖాళీ అయింది. నెలాఖరుకి లైసెన్సు తెస్తే అది ఆమెదే. అందుకని నలభయ్యారో ఏట నాలుగు నెలలపాటు కారు నేర్చుకుంది. సోమవారం తప్పితే మళ్ళీ పరీక్ష మూడు నెలల తర్వాత. ఆ సంగతి ఇంకోసారి చెప్పబోయి, టైము చూసుకుని, విసురుగా క్లినిక్‌కి వెళ్ళిపోయింది. ఆ విసురులో ఫోను భోజనాల బల్ల మీదే మర్చిపోయింది.

భర్త పని పద్ధతిగానే మొదలుపెట్టాడు. బ్యాటరీ తీగ తీశాడు. ఇంజిన్‌లోని నీళ్ళు బకెట్‌లోకి దింపాడు. నట్లూ బోల్టులూ కలిసిపోకుండా అరలున్న డబ్బా కావాల్సివచ్చింది. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, వాళ్ళమ్మ వాడే వారం రోజుల మాత్రల డబ్బా. మాత్రల్ని పొట్లం కట్టి పక్కన పెట్టి, డబ్బాని కారు పక్కనున్న కిటికీ గట్టు మీద ఉంచుకుని, ఏ భాగం ఏ రోజు గదిలో ఉందో కాగితం మీద బొమ్మ గీసుకున్నాడు. భాగాల్లో ముందుగా గాలి గొట్టానికున్న బిగింపు రింగు తీశాడు. అది స్క్రూడ్రైవర్ పెట్టకముందే చేతిలోకి వచ్చేసింది. పని సులువుగా సాగుతోందని సంతోషించి దాన్ని ఆదివారం గదిలో వేశాడు.

మానిఫోల్డ్‌కి ఎనిమిది నట్లున్నాయి. రెండు వచ్చాయి, శనివారం గదిలో పడ్డాయి. మూడోది తుప్పుకి సీజ్ అయి, అంటే పట్టేసుకుని, కదల్లేదు. లాగాడు. స్పానరు జారి వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి. ఇక లాభం లేదని, ఏ మెకానిక్‌కి పని అప్పగించనని పట్టుబట్టాడో ఆ మెకానిక్‌కే ఫోన్ చేశాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు శనివారం మాత్ర కోసం డబ్బా తెరిచారు. రెండు తుప్పు నట్లు కనబడ్డాయి. కొడుకుని నిలదీద్దామని కిటికీలోంచి బయటికి చూశారు.

"సీజ్ అయిపోయిందండీ, పూర్తిగా," అంటున్నాడు కొడుకు ఫోన్లో. "ఎంతసేపు తంటాలు పడ్డా వదలట్లేదు... ఏంటీ? బలవంతం చేస్తే మెడ దగ్గర విరిగిపోతుందా?... అమ్మో, వద్దొద్దు."

అత్తగారు రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. సీజ్ అనే మాట అందులో రోజూ ఉంటుంది. ఎవరో ఆఫీసర్లు వస్తారు, బండ్లు సీజ్ చేసి పట్టుకుపోతారు. వెంటనే కూతురికి ఫోన్ చేశారు. అల్లుడు ప్లీడరు.

"కారు సీజ్ చేశారే. మీ తమ్ముడు వదలమని బతిమాలుతున్నాడు, వదలట్లేదట. బలవంతం చేస్తే మెడ విరుస్తామంటున్నారు."

"ఎవరమ్మా?"

"ఎవరైతేనేం! అల్లుడుగారిని కోటు వేసుకుని రమ్మను."

ఫోన్ పెట్టేసరికి కోడలి ఫోను మోగింది. అవతల డ్రైవింగ్ మాస్టారు.

"సోమవారం కారు, కాగితాలు మర్చిపోవద్దని మేడమ్‌గారికి చెప్పండి."

"ఏ కారు బాబూ? మాది సీజ్ అయిపోయింది."

"ఎప్పుడండీ?"

"ఇందాకే. మావాడి కళ్ళెదుటే."

మాస్టారు జాగ్రత్తపరుడు. కేసున్న బండి తన జాబితాలో కనబడితే డ్రైవింగ్ స్కూలుకి మాటొస్తుందని, అరగంటలో లైసెన్సు ఆఫీసుకి వెళ్ళి ఆమె పేరు కొట్టేయించాడు.

ప్లీడరు నల్లకోటుతో దిగి నేరుగా కారు దగ్గరికి నడిచాడు.

"ఏమోయ్, ఎవరికీ ఏమీ చెప్పకు. దేనిమీదైనా సంతకం పెట్టావా?"

"లేదు బావా."

"మంచిపని చేశావు. ఎంతమంది వచ్చారు?"

"ఎనిమిదింట్లో రెండే వచ్చాయి. మూడోది పట్టుకుని కూర్చుంది."

"ఆడమనిషా?"

"నట్టు బావా."

ప్లీడరు బానెట్ ఎత్తి ఉన్న కారుని ఓసారి చూశాడు. "కారు ఇక్కడే ఉందే?"

"ఇంకెక్కడుంటుంది?"

ఇరవయ్యేళ్ళ వృత్తిలో, స్వాధీనం చేసుకున్న వస్తువుని యజమాని చేతికే ఇచ్చి విప్పుకోమన్న కేసు అతనికి తగల్లేదు. మొత్తం విషయం బోధపడ్డాక తిరిగి వెళ్ళిపోవచ్చు. కానీ వచ్చినవాడు ఊరికే ఎలా వెళతాడు? టార్చిలైటు పట్టుకున్నాడు.

ఒంటిగంటకి భార్య వచ్చింది. ఇంజిన్ లోపలికి భర్త సగం దిగి ఉన్నాడు. కోటు వేసుకున్న ప్లీడరు లైటు చూపిస్తున్నాడు. ఆడపడుచు బట్టల సంచీతో మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఈ సంచీ ఏంటి వదినా?"

"వాణ్ణి లోపల పెడితే మార్చుకోడానికి రెండు జతలు ఉండాలిగా."

అత్తగారు ఎదురొచ్చి కోడలి చెయ్యి పట్టుకున్నారు. "మీ డ్రైవింగ్ మాస్టారు ఫోన్ చేశారు. నువ్వేం కంగారుపడకు. అన్నీ నేను చెప్పేశాను."

బల్ల మీద మర్చిపోయిన ఫోన్లో మాస్టారి మెసేజ్ ఉంది: "మేడమ్, కేసు తేలేదాకా మీ పేరు తీయించాను. ధైర్యంగా ఉండండి."

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. భర్త వైపు చూసింది. ప్లీడరు వైపు తిరిగింది.

"ఆ లైసెన్సు ఆఫీసు ఎన్నింటిదాకా ఉంటుంది అన్నయ్యగారూ?"

"మూడింటిదాకా. పద, నేనూ వస్తాను."

లైసెన్సు ఆఫీసులో ఆఫీసరు బల్ల సర్దుకుంటున్నాడు. ఆమె చెప్పింది విని మళ్ళీ కూర్చున్నాడు.

"కారు ఎవరు సీజ్ చేశారు?"

"ఎవరూ చెయ్యలేదండీ. అదే అయింది."

"దానంతటదే ఎలా అవుతుందమ్మా?"

"తుప్పు పట్టి."

"తుప్పు పట్టిందని కారు సీజ్ చేశారా?"

"కారు కాదండీ. నట్టు."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. ఆమె వెనక నిలబడ్డ నల్లకోటుని చూశాడు. "ఒక నట్టుకి ప్లీడరుగారిని పెట్టుకున్నారా?"

"నా క్లయింటు తరఫున నేను మనవి చేసేదేమిటంటే..."

"అన్నయ్యగారూ, మీరు కాసేపు ఊరుకోండి. ఈయన మా ఆడపడుచుగారి భర్తండీ."

ఆఫీసరు జాబితా ముందుకి లాక్కున్నాడు. "అదంతా నాకు తెలీదమ్మా. సోమవారం పదింటికి కారు తెచ్చి చూపించండి. కారు ఉంటే మీ పేరు ఉంటుంది." జాబితా చివర ఆమె పేరు పెన్సిల్‌తో రాశాడు.

ఇంటికి వచ్చేసరికి భర్త స్పానరుకి పొడవాటి ఇనుప గొట్టం తొడిగి, దాని మీద తన బరువంతా వేయబోతున్నాడు.

"ఆగండి," అంది ఆమె. "పట్టేసిన భుజాన్ని ఎవరైనా అలా లాగుతారా?"

"ఇది భుజం కాదే."

"జరగండి."

నట్టు చుట్టూ నూనె పోసింది. గంటసేపు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత స్పానరు తగిలించి, ముందు బిగించే వైపే వెంట్రుకవాసి తోసింది.

"అటు తిప్పితే బిగుసుకుంటుంది!"

"తెలుసు. నొప్పి లేని వైపు ముందు కదలాలి."

అటు ఒక పిసరు, ఇటు ఒక పిసరు. మళ్ళీ నూనె. మూలిగేవాళ్ళతో మాట్లాడే గొంతుతో మధ్యమధ్య "అంతే, అంతే, అయిపోయింది" అంటోంది. నలభయ్యో నిమిషంలో నట్టు కిర్రుమంది. ప్లీడరు చప్పట్లు కొట్టబోయి టార్చి కింద పడేశాడు.

మిగతా అయిదింటికీ అదే వైద్యం. ఆదివారం మధ్యాహ్నానికి టర్బో, మానిఫోల్డ్ కలిసి బయటికొచ్చి, భోజనాల బల్ల మీద పాత పేపర్ల పైన కూర్చున్నాయి. భర్త చక్రాన్ని వేలితో తిప్పాడు. హాయిగా తిరిగింది. ఊపి చూశాడు. ఊగలేదు. ఎక్కడా పగులు లేదు, చమురు లేదు.

"ఏమైందిట దీనికి?" అంది ఆడపడుచు.

"చూస్తున్నా."

"ఒరేయ్, ఈ రింగేమిట్రా ఇంత వదులుగా ఉంది?" అన్నారు అత్తగారు. తన డబ్బా ఎప్పుడు తిరిగొస్తుందా అని ఆదివారం గది తెరిచి చూస్తున్నారు.

భర్త రింగు తీసుకుని చూశాడు. దాని స్క్రూ మర అరిగిపోయి, ఎంత తిప్పినా బిగియడం లేదు. గాలి గొట్టం అంచున, అది ఉండాల్సిన చోట, గాలి తప్పించుకుపోయిన నల్లటి గీత ఉంది. అతను ఆ రెంటినీ మార్చి మార్చి చూశాడు. నెల రోజులుగా ఈల వేసింది ఆ సందే. వీడియోలో ఈ భాగం లేదు.

"కొత్త రింగు తెస్తాను," అని ప్లీడరు లేచాడు.

"మానిఫోల్డ్‌కి అతుకుల మధ్య పెట్టే కొత్త గ్యాస్కెట్లు కూడా తెండి అన్నయ్యగారూ," అంది భార్య. "విప్పాం కదా."

బొమ్మ చూసి ఆడపడుచు రోజుల పేర్లు చదివింది, అత్తగారు అందించారు, భర్త బిగించాడు. పొద్దు వాలేసరికి డబ్బా ఖాళీ అయింది. అత్తగారు దాన్ని సబ్బుతో మూడుసార్లు కడిగారు.

సోమవారం కారు పిల్లిలా వెళ్ళింది. భర్త తానే నడిపి, ఆఫీసు ముందు ఎండలో తళతళా మెరిసేలా నిలబెట్టాడు. ఆఫీసరు బయటికొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, నంబరు చూసుకుని, జాబితాలో పెన్సిల్ పేరు మీద పెన్నుతో దిద్దాడు.

"సరేనమ్మా. ఆ తెల్లకారు ఎక్కండి."

"మా కారు ఇదండీ."

"ఇవాళ్టి నుంచి పరీక్షలన్నీ ఆఫీసు కారులోనే. బోర్డు ఇందాకే పెట్టాం."

"మరి శనివారం మా కారు తెమ్మన్నారు కదండీ?" అన్నాడు భర్త, కట్టు కట్టిన వేళ్ళతో.

"చూపించమన్నాను. నడపమన్నానా?"

తెల్లకారు ఎత్తు ఎక్కుతూ ఈల వేసింది. ఆఫీసరుకి అది వినబడినట్టు లేదు. ఆమె వెనక్కి జారకుండా ఎత్తు ఎక్కించింది, రెండు స్తంభాల మధ్య తగలకుండా నిలిపింది, పాసైంది.

సాయంత్రం అందరూ టీ తాగుతున్నారు. ఎత్తు మీద కారు ఈల వేయకుండా ఉండాలంటే ఏం చేయాలో భర్త ప్లీడరుకి చెబుతున్నాడు.

"క్లినిక్‌కి వెళ్ళి లైసెన్సు కాగితం చూపించొచ్చాను," అంది భార్య, కప్పులు అందుకుంటూ. "సొంత కారులో తిరుగుతారా, మేమిచ్చే కారు తీసుకుంటారా అని అడిగారు. వాళ్ళదే తీసుకుంటానన్నాను. రేపట్నుంచి వెళుతున్నాను."

భర్త కప్పు కింద పెట్టాడు. "మరి మన కారు?"

"మీకే వదిలేశాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత విప్పుకోండి. నేనేమీ అనను."

ఆ రోజు నుంచి ఆ కారు బానెట్ ఎవరూ ఎత్తలేదు.